పని చేయని కరెంటు

జీలకర్ర ఎక్కడుందో చెప్పడానికి ఆ ఉదయం నేను కొండెక్కాను. పెదబయలులో మా గురుకుల కాలేజీ క్వార్టర్స్ పల్లంలో ఉంటాయి. ఫోనుకి సిగ్నల్ అందాలంటే వెనకనున్న మెట్ట మీదికి, సిల్వర్ ఓక్ చెట్లు దాటి, నీళ్ళ ట్యాంకు దాకా నడవాలి. మంచుకి చీర కుచ్చిళ్ళు తడుపుకుంటూ అక్కడికి చేరేసరికి సీలేరు నుంచి మా ఆయన చేసిన మిస్డ్ కాల్స్ వరసగా వచ్చి పడ్డాయి. ఎవరికేమైందోనని కంగారుగా తిరిగి చేస్తే, "అనూ, జీలకర్ర ఎక్కడ పెట్టావు?" అన్నారు. నేను ఆ ఇల్లు వదిలి ఆరు నెలలైంది. అయినా ఆ ఇంట్లో జీలకర్ర ఇంకా నేనే పెట్టి ఉండాలి. స్టవ్ పక్క గూట్లో, ఎర్రమూత సీసా వెనక అని చెప్పాను. దొరికిందో లేదో చెప్పకుండానే ఫోన్ పెట్టేశారు. కింద మంచులో మునిగిపోయిన ఊరిని చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాను. కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఇలాంటి వాటికి నవ్వు రావడం నాకు కొత్త.

మా ఆయన రవిబాబు సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. నేను విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పెళ్ళి చేసుకుని ఆ కాలనీకి వెళ్ళాను. ఎనిమిదేళ్ళు ఇంజనీరు గారి మిసెస్‌ని. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా నా పొద్దూ మారేది. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోతుంటే కుక్కర్ కూత వినపడకూడదని పప్పు గిన్నెలో పెట్టి, గంటల తరబడి దాని పక్కనే నిలబడి ఉడకబెట్టేదాన్ని. బట్టలు ఉతికే చప్పుడు ఆయన లేచాకే. మిక్సీ ఆయన బయటికెళ్ళాకే. చప్పుడు లేకుండా ఇల్లు నడపడం ఒక విద్య. అది వచ్చిన మనిషి ఇంట్లో ఏమీ చెయ్యనట్టే కనిపిస్తుంది. మా అత్తగారు చిన్నమ్మి గారు వచ్చి ఉన్నప్పుడు మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే, "పిల్లల్లేరు, ఉద్యోగం లేదు, నీకు అలుపేటే?" అనేవారు. మా ఆయన అలా అనరు. ఆయనది మెత్తని మాట. నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా, మా సెక్షన్లో వాళ్ళ అబ్బాయికి కాస్త లెక్కలు చెప్పు. ఖాళీగానే ఉన్నావు కదా, రేపు నలుగురికి టిఫిన్ చెయ్యి. ఖాళీగా అన్న మాట మా ఇంట్లో ఉప్పులా అన్నింట్లోనూ పడేది. ఎంత పడినా ఆయనకి రుచి తెలిసేది కాదు, నాకు తెలిసేది.

ఈ బాలికల గురుకులంలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళు కావాలని కిందటేడు తెలిసినప్పుడు ఆయన వద్దనలేదు. కొన్నాళ్ళు సరదాగా చెయ్యి అన్నారు. ఆ సరదా అన్న మాటని పెట్టెలో చీరల మధ్య పెట్టుకుని వచ్చాను. ఇక్కడా ఖాళీ నన్ను వదల్లేదు. ప్రిన్సిపాల్ మేడం చెడ్డమనిషి కాదు. కానీ ఎవరైనా ఆఫీసర్లు వస్తున్నారంటే టీలు, ప్లేట్లు, గుమ్మం ముందు ముగ్గు నాకే అప్పగిస్తుంది. మీకు పిల్లల్లేరు, సాయంత్రాలు ఏం చేస్తారు అంటుంది. ఏం చేస్తానంటే, తలుపేసుకుని కూర్చుంటాను. ఎవరికీ ఏదీ వేడిచెయ్యక్కర్లేదు. ఉడకబెట్టిన కర్రపెండలం దుంపలు ఉప్పూకారంతో తిని అదే రాత్రి భోజనమనుకుంటాను. మర్నాటి పాఠం గట్టిగా, నా గొంతు నాకు వినపడేలా గోడకి చెబుతాను. ఇదంతా సుఖమని బయటికంటే ఎవరైనా ఏమనుకుంటారోనని ఎవరితోనూ అనలేదు.

డిసెంబరులో ఏసీ కరెంటు పాఠం మొదలుపెట్టాను. రెండో సంవత్సరం ఎంపీసీ పిల్లలు ఆ పాఠమంటే భయపడతారు. సైన్‌లు, కొసైన్‌లు చూసి కళ్ళు దించేసుకుంటారు. అందుకని ముందు హాస్టలు వెనక పనస చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ వాళ్ళే కట్టుకున్న ఉయ్యాల ఉంది. ఉయ్యాల ఒక కొసన ఆగి, మధ్యలోకి వేగంగా వచ్చి, రెండో కొసన మళ్ళీ ఆగుతుంది కదా, కెపాసిటర్లో దాచిన శక్తి కూడా అలాగే తీగచుట్టలోకి పోయి మళ్ళీ వెనక్కి వస్తుంది, విద్యుత్ డోలనాలంటే ఇవే అన్నాను. దాని వేళకి సరిగ్గా తోస్తే చిన్న తోపుకే ఎత్తుకి వెళ్తుందని ఒకరినొకరు ఊపుకుని చూశారు. ఆ రోజు పాఠం ఎవరూ మర్చిపోరని నాకు తెలుసు, నేనూ ఉయ్యాల ఎక్కాను కాబట్టి.

తర్వాతి క్లాసులో ల్యాబ్ బల్ల మీద ఒక పాత ఫిలమెంట్ బల్బు, స్టోరులో దొరికిన ట్యూబ్‌లైట్ చోక్, ముంచింగిపుట్టు సంతలో మోటార్లు బాగుచేసే అతని దగ్గర తెచ్చిన కెపాసిటర్ పెట్టాను. బల్బుని నేరుగా కలిపితే బాగా వెలిగింది. మధ్యలో చోక్ చేర్చగానే డీలా పడింది. చోక్‌తో వరసగా కెపాసిటర్ కూడా చేర్చేసరికి పోయిన వెలుగు తిరిగొచ్చింది. పిల్లలు ఓ అన్నారు. అప్పుడు బోర్డు మీద సామర్థ్యం సూత్రం రాసి, వోల్టేజీ, కరెంటు అడుగు కలిపి నడిస్తేనే పని జరుగుతుందని చెప్పాను. అడుగు బాగా తప్పితే, అంటే రెసిస్టెన్స్ ఏమీ లేని ఉత్త తీగచుట్టని కలిపితే, కరెంటు వెళ్తుంది వస్తుంది గానీ సగటు సామర్థ్యం సున్నా. దాన్ని వాట్‌లెస్ కరెంట్ అంటారు, పని చేయని కరెంటు.

స్వర్ణ చెయ్యెత్తింది. ముంచింగిపుట్టు దాటి లోపలికెళ్తే కొండ మీద వాళ్ళ ఊరు. మాట తక్కువ పిల్ల.

"పని చెయ్యనప్పుడు తీగల్లో మరెందుకు తిరుగుతాది మేడం?"

మోటారు తిరగాలంటే ముందు దాని చుట్టలో అయస్కాంత క్షేత్రం నిలబడాలని చెప్పాను. ఈ కరెంటు వెళ్ళి దాన్ని నిలబెడుతుంది, పట్టుకెళ్ళిన శక్తిని మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తుంది. పట్టుకెళ్ళినదీ తెచ్చిచ్చినదీ సమానం కాబట్టి ఇంటి మీటరు దాన్ని లెక్కపెట్టదు. అది లేకపోతే మాత్రం మోటారు కదలదు.

స్వర్ణ కూర్చోలేదు. "అది లేకపోతే మోటారే కదల్దు కదా మేడం. మరి పని చెయ్యనిదని పేరెందుకెట్టారు?"

పిల్లలు నవ్వారు. చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. ఎన్నోసార్లు చదివి, ఎన్నో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న మాట అది. ఒక్కసారీ నేను ఆ ప్రశ్న అడగలేదు. పేరు పెట్టినవాళ్ళు మీటరు వైపు నిలబడి చూశారమ్మా అన్నాను. ఆ జవాబు నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. ఆ సాయంత్రం గదిలో కూర్చుంటే గిన్నెలో ఉడుకుతున్న పప్పు పక్కన నిలబడ్డ నేను గుర్తొచ్చాను. ఏడుపు రాలేదు. ఎప్పుడో పారేసుకున్న వస్తువుని ఎవరో తెచ్చి నా చేతిలో పెట్టినట్టుంది.

క్రిస్మస్ సెలవులకి ఇళ్ళకెళ్ళిన పిల్లలంతా తిరిగొచ్చారు, స్వర్ణ రాలేదు. వాళ్ళమ్మ సోములమ్మ కాఫీ పళ్ళు కోస్తూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందనీ, ఇంటి పనంతా స్వర్ణ మీద పడిందనీ, పళ్ళ కోత అయ్యేదాకా పంపలేమన్నారనీ పక్కమంచం పిల్ల చెప్పింది. కోత అయ్యేసరికి ప్రాక్టికల్ పరీక్షలు అయిపోతాయి. అలా ఒక కోతకి ఆగిన పిల్లలు మళ్ళీ రాకపోవడం ఇక్కడ మామూలేనని ప్రిన్సిపాల్ మేడం నిట్టూర్చింది. ఆదివారం నేను వెళ్ళొస్తానన్నాను.

ఆ వారమే ట్యాంకు దగ్గరికి ఆయన ఫోను. ఆదివారం పై ఆఫీసరు కుటుంబంతో సీలేరు వస్తున్నారట. "భోజనం మనింట్లోనే అని చెప్పేశాను. శనివారమే వచ్చెయ్" అన్నారు.

"ఆదివారం నాకు పనుందండీ."

పెళ్ళయిన తర్వాత నేను ఆ మాట ఆయనతో అనడం అదే మొదలనుకుంటాను. పనేంటి అని అడిగారు. చెప్పాను. అది నీ డ్యూటీ కాదు కదా అన్నారు. కాదు, అయినా వెళ్తానన్నాను. మరి వంట సంగతేంటన్నారు. అన్నం, పప్పు, వంకాయ వేపుడు మీరు చెయ్యగలరు, అప్పడాలు డబ్బాలో ఉన్నాయి అన్నాను. ఆయన తిట్టలేదు. నీకేమైందని అడిగారు, ఒంట్లో బాగోలేనివాళ్ళని అడిగినట్టు. ఏమీ కాలేదన్నాను. మెట్ట గబగబా దిగాను. గదికొచ్చాక నాలో భయం కంటే వేరే ఏదో ఎక్కువుందని తెలిసింది.

ఆదివారం జీపులో ముంచింగిపుట్టు దాటి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి, పక్క ఊరి పెళ్ళికెళ్తున్న ఆడవాళ్ళతో కలిసి నడిచాను. స్వర్ణ వాళ్ళ వాకిట్లో తడిక మీద కాఫీ పళ్ళు ఆరబోస్తోంది. నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకుంది, గోళ్ళు నల్లబడి ఉన్నాయని. సోములమ్మ గుమ్మంలో గోడకానుకుని ఉంది. వెదురు బద్దలు కట్టిన చెయ్యి పాత పంచెతో మెడకి వేలాడుతోంది. వాళ్ళాయన సోంబరు నులకమంచం వాల్చి, చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చిచ్చాడు. మర్యాదస్తుడు.

"సదువు మానిపించం మేడం" అన్నాడు. "పళ్ళు కోత అయిపోనీ. ఆడమనిసి పడిపోనాది. గెడ్డ నుంచి నీలు తేవాలి, వంట సెయ్యాలి, మేకల్ని సూడాలి. నాకు తోట పనుంది. ఇంటికాడ పని పనేటి కాదు గానీ, ఎవులో ఒకలు సెయ్యాలి గదా."

పనే కానిదానికి ఒక పిల్ల చదువంతా సరిపోతోందన్నమాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేనన్నది వేరు. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, ఈ పిల్ల బాగా చదువుతుంది, ఇప్పుడు ఆగితే ఏడాది పోతుంది. అతను అన్నింటికీ తలూపాడు. తలూపుతూనే కుదరదన్నాడు. ఇక లేద్దామనుకుంటుండగా అప్పటిదాకా మాట్లాడని సోములమ్మ గొంతు సవరించుకుంది.

"నాను పడ్డకాడ్నించి కూకుని సూత్తన్నాను మేడం. ఇన్నేళ్ళూ ఇంటికాడ పనుందని ఈ మనిసికి తెలీదు. ఇప్పుడు తెలిసింది. తెలిసి, పట్టుకెళ్ళి ఈ గుంట మీదెట్టేసాడు" అని కూతురి వైపు చూపించింది.

సోంబరు నేల చూశాడు. "మగోడు కడవెత్తుకుని గెడ్డకెళ్తే ఊరు నవ్వుతాది."

"నవ్వనీ" అంది సోములమ్మ. "నవ్వితే నీలు ఒలికిపోవు."

ఆవిడ గొంతు పెంచలేదు. అతను లేచి ఇంట్లోకి వెళ్ళాడు. కోపం వచ్చిందనుకున్నాను. కాసేపటికి బిందె పట్టుకుని బయటికొచ్చి, మా ఎవరి వైపూ చూడకుండా, దాన్ని ఒంటికి తగలనివ్వకుండా దూరంగా పట్టుకుని కిందికి దిగాడు. స్వర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సోములమ్మ మాత్రం అతను వంపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగి, ఇంటికాడ నీకెవులు వండుతారు మేడం అని అడిగింది. నేనే వండుకుంటాను, ఇవాళ మాత్రం సీలేరులో మా ఆయన వండుతున్నారు అన్నాను. అది పైకి చెప్పడం ఎంత బాగుందో.

"నీ సెయ్యేటి, ఇరగలేదు కదా?"

"లేదు. ఊరికే."

సోములమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే చెయ్యి నొప్పెట్టి ఆగింది, మళ్ళీ నవ్వింది. "నాకు ఇరిగితేగానీ కుదర్లేదు" అంది. మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. సోంబరు సగం బిందెడు నీళ్ళతో, చొక్కా తడుపుకుని వచ్చాడు. ఎవరూ నవ్వలేదట. సోములమ్మ బతికే ఉందా అని మాత్రం గెడ్డ దగ్గర ఒక ముసలమ్మ కంగారుగా అడిగిందట. బిందె దించి, గుంటని బట్టలు సర్దుకోమన్నాడు. అది ఓడిపోయిన మనిషి గొంతు కాదు. కొంచెం సిగ్గుపడుతున్న మనిషి గొంతు. వెళ్ళేముందు స్వర్ణ అమ్మకి జడ వేసింది, ఒంటి చేత్తో వేసుకోలేదని. రేపట్నించి ఇదెవరు వేస్తారని నేను అడగలేదు. సోంబరు పక్కనే నిలబడి పాయలు ఎలా తిప్పుతోందో చూస్తున్నాడు.

జీపులో స్వర్ణ సంచీ ఒళ్ళో పెట్టుకుని నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది. దాని జుట్టులో కాఫీ పళ్ళ పులుపు వాసన. పిల్లల్లేని మనిషినని నాకు చాలామంది గుర్తుచేశారు. ఆ దారంతా నాకది గుర్తు రాలేదు.

మర్నాడు ట్యాంకు దగ్గరికి వెళ్తే అత్తగారి ఫోను వచ్చింది. నా కొడుకు సేత వంట సేయించావటే అని మొదలుపెట్టారు. వింటున్నాను. తర్వాత గొంతు మారింది. పప్పు ఎలా వెయ్యాలి, పోపెప్పుడు పెట్టాలి అని ఆయన ఆదివారం పొద్దుట్నుంచీ ఆవిడకి ఫోన్లు చేస్తూనే ఉన్నారట. వేపుడు మాడిపోయిందట. "సెప్పలేక సచ్చాను. ఇన్నాళ్ళూ వాడితో ఎలా వేగావే" అన్నారు. నన్ను మెచ్చుకోవాలని అన్న మాట కాదు, విసుగులో జారిన మాట. జారినా నాకే దొరికింది.

ఆ తర్వాతి శనివారం ఆయన పెదబయలు వచ్చారు. ఎప్పుడూ నేనే సీలేరు వెళ్ళేదాన్ని, ఆయన ఇటు రావడం అదే మొదటిసారి. గదంతా కలయజూశారు. ఒక మంచం, ఒక కుర్చీ, బల్ల మీద చోక్, బల్బు. నేను టీ పెట్టాను. ఆయన కుర్చీలో కూర్చోబోయి, అది నేను కూర్చునే చోటని అర్థమై మంచం అంచున కూర్చున్నారు. ఆఫీసరు గారు మాడిన వేపుడే బావుందన్నారట. ఆఫీసరు గారి భార్య మాత్రం వంటింట్లోకి వచ్చి గిన్నెలు చూసి, మీ మిసెస్ ఎప్పుడొస్తారని అడిగిందట. మా ఆయన చేతి మీద నూనె చింది కాలిన మచ్చ ఉంది. మందు రాశారా అన్నాను. రాశానన్నారు. అంతకంటే జాలిపడలేదు. నాకూ అలాంటివి ఉన్నాయి.

స్వర్ణ ప్రశ్న చెప్పాను. ఆయన తల పైకెత్తారు. కరెంటు మాటొస్తే ఆయన వేరే మనిషి. "ఇంటి మీటరు లెక్కపెట్టదంతే. మా స్టేషన్లో దానికి వేరే మీటరుంది. అదెంత ఇస్తున్నామో చూసుకోకపోతే లైను మీద వోల్టేజీ నిలబడదు. ఒక్కోసారి అది ఇవ్వడానికే మెషిన్ నడుపుతాం" అన్నారు ఉత్సాహంగా. అని, ఆగారు. టీ గ్లాసులోకి చూశారు. నేను ఆ మాటకి ఇంకేమీ చేర్చలేదు. ఆయన తెలివైనవారు. కొన్ని మాటలు మనిషి లోపల ఒంటరిగా తిరగాలి.

అసలు వచ్చిన మాట అప్పుడు చెప్పారు. కాలనీ పక్క ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్ ఉద్యోగం ఖాళీగా ఉందట. ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. "నేను మాట్లాడేశాను. జూన్‌లో చేరిపోవచ్చు. నీకూ హాయి" అన్నారు. ఆ మాటలో మోసం లేదు. నిజంగానే నాకు హాయి తెస్తున్నాననుకుని అంత దూరం వచ్చారు. ఎనిమిదేళ్ళూ ఆయన నాకు అలాగే తెచ్చారు, నన్ను అడగకుండా, ప్రేమగా. ఆరు నెలల కిందటైతే నేను తలూపేదాన్ని. ఊపి, రాత్రి వంటకి లేచేదాన్ని.

"వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటానని ప్రిన్సిపాల్ మేడంకి నేనూ చెప్పేశానండీ."

బయట హాస్టలు పిల్లలు వాలీబాల్ ఆడుతున్న కేకలు వినిపిస్తున్నాయి. ఆయన గ్లాసు కింద పెట్టారు. ముఖంలో కోపం కోసం వెతికాను, దారి తప్పినవాళ్ళలా ఉన్నారు తప్ప కోపం లేదు. "మరి నువ్వు ఇంటికి ఎప్పుడొస్తావు?" అని అడిగారు. ఆ గొంతులో నిజంగా నేను కావాలన్నది ఉంది. నాకూ ఆయన మీద ప్రేమ ఉంది. అందుకే మెల్లిగా, పిల్లలకి పాఠం చెప్పినంత నిదానంగా చెప్పాను.

"నెలకోసారి వస్తాను. మిగతా వారాల సంగతంటారా, ఇక్కణ్ణించి సీలేరు ఎంత దూరమో, సీలేరు నుంచి ఇక్కడికీ అంతే దూరమండీ."

ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. తర్వాత, శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి బయల్దేరితే పాడేరులో ఇటొచ్చే ఆఖరి బస్సు అందుతుందా అని నన్నడిగారు.